ఆకులో మందు ఎంత?

హైదరాబాదులో బిళ్ళగన్నేరు కనిపించని వీధి అరుదు. కుండీల్లోనూ, ప్రహరీగోడల పగుళ్ళలోనూ, రోడ్డు మధ్య డివైడర్ల మీదా, నీళ్ళు పోసినా పోయకున్నా అది తెల్లగానో గులాబీ రంగులోనో పూస్తూనే ఉంటుంది. దాని ఆకులను పరగడుపున నమిలితే షుగరు తగ్గుతుందన్న నమ్మకం తెలుగు ఇళ్ళలో చాలాకాలంగా ఉంది. పొద్దున్నే పార్కుల్లో నడిచేవారి మధ్య ఆ సలహా ఒకరి నోటి నుంచి ఇంకొకరికి ఇప్పటికీ చేరుతూనే ఉంది. అదే నగరంలో క్యాన్సర్ ఆసుపత్రుల్లో, రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు రక్తనాళంలోకి ఎక్కించే విన్‌క్రిస్టిన్ అనే మందుకు కూడా బిళ్ళగన్నేరే మూలం. మొదటి వాడకంలో మోతాదు నాలుగైదు ఆకులు. రెండో వాడకంలో పిల్లవాడి ఎత్తు, బరువులను బట్టి శరీర ఉపరితలాన్ని లెక్కగట్టి, చదరపు మీటరుకు సుమారు ఒకటిన్నర మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. సాధారణంగా ఒక విడతకు 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. మొక్కల మందుల గురించి మన దగ్గర నడిచే వాదన చాలావరకు నాటువైద్యమా, ఇంగ్లీషు మందా అన్నచోటే తిరుగుతుంది. ఈ రెండు వాడకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వాటిని విడదీస్తున్నది వైద్యపద్ధతి కంటే ముందు ఒక కొలత అని తెలుస్తుంది: లోపలికి వెళ్ళే పదార్థం ఏది, ఎంత, ఏ దారిన అన్న సంగతి ఒకచోట తెలుసు, మరొకచోట తెలియదు.

షుగరు నమ్మకం మన ఒక్కరిదే కాదు. జమైకాలో కూడా ఈ ఆకుల కషాయాన్ని మధుమేహానికి తాగేవారు. 1952లో అక్కడినుంచి కొన్ని ఆకులు కెనడాలోని రాబర్ట్ నోబుల్ ప్రయోగశాలకు చేరాయి. ఆకుసారాన్ని ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి చూస్తే చక్కెరలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఇంజెక్షనుగా ఇచ్చినప్పుడు మాత్రం ఎలుకలు కొద్దిరోజుల్లోనే ఇన్‌ఫెక్షన్లతో చనిపోయాయి, ఎందుకంటే వాటి రక్తంలో తెల్లకణాలు దారుణంగా పడిపోయాయి. తెల్లకణాలను అణచే పదార్థం తెల్లకణాలే విపరీతంగా పెరిగే జబ్బుకు పనికిరావచ్చునన్న ఆలోచన అక్కడ పుట్టింది. నోబుల్, రసాయనవేత్త చార్లెస్ బీర్ కలిసి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేశారు. దాదాపు అదే కాలంలో అమెరికాలోని ఎలీ లిల్లీ సంస్థ కూడా వేరే దారిలో ఇదే మొక్క దగ్గరికి వచ్చింది. విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించింది.

ఈ రెండు మందులూ చేసే పని ఒక్కటే. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను అటూ ఇటూ లాగే సన్నని నాళికలు ట్యూబ్యులిన్ అనే ప్రొటీను ముక్కలు వరుసగా అతుక్కోవడం వల్ల తయారవుతాయి. విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ ఆ ముక్కలకు అంటుకుని నాళిక కట్టకుండా అడ్డుపడతాయి, కణవిభజన మధ్యలో ఆగిపోతుంది. రెండింటి నిర్మాణంలో తేడా అత్యల్పం: ఒక నైట్రోజను మీద విన్‌బ్లాస్టిన్‌లో మిథైల్ గుంపు ఉంటే, విన్‌క్రిస్టిన్‌లో దాని స్థానంలో ఫార్మైల్ గుంపు ఉంటుంది. అంత చిన్న మార్పుతో విన్‌బ్లాస్టిన్ ప్రధానంగా ఎముకమజ్జను దెబ్బతీసేదిగా, విన్‌క్రిస్టిన్ ప్రధానంగా నరాలను దెబ్బతీసేదిగా మారిపోయాయి. మోతాదుతో పాటు దారి కూడా ముఖ్యమే. విన్‌క్రిస్టిన్‌ను రక్తనాళంలోకి ఎక్కిస్తే మందు, పొరపాటున వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తే దాదాపు ప్రతిసారీ మరణమే. అందుకే రక్తనాళం ద్వారా తప్ప మరే విధంగానూ ఇవ్వరాదన్న హెచ్చరిక దాని సీసా మీద ఉంటుంది.

ఆకులో ఈ పదార్థం ఎంత ఉంటుంది? ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ రావాలంటే ఎండుటాకు 500 కిలోలకు పైగా కావాలని, ఒక గ్రాము విన్‌క్రిస్టిన్‌కు దాదాపు 2,000 కిలోలు కావాలని రసాయనవేత్తల లెక్క. ఆ లెక్కన 2 మిల్లీగ్రాముల ఒక్క డోసుకు నాలుగు కిలోల ఎండుటాకు పడుతుంది. ఈ అంకెలు చూసి, నాలుగు పచ్చి ఆకుల వల్ల ఏమవుతుందిలే అనుకోవచ్చు. అయితే బిళ్ళగన్నేరులో ఆల్కలాయిడ్లు, అంటే మొక్కలు చేసుకునే నైట్రోజను కలిగిన పదార్థాలు, వందకు పైగా ఉన్నాయి, వాటిలో చాలావాటి మోతాదు, దుష్ఫలితం ఎవరూ మనుషుల్లో కొలవలేదు. నెలల తరబడి రోజూ నమిలే మనిషి తీసుకుంటున్నది విన్‌క్రిస్టిన్ కాదు, ఎవరూ తూచని ఒక మిశ్రమం.

ఆకులో ఈ మందు ఇంత తక్కువగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు జవాబు ఆకు లోపలి అమరికలో ఉంది. మొక్కల జీవరసాయనంలో ఇంతకంటే ఆసక్తి కలిగించే విషయం తక్కువ. చక్కెరలు, కొవ్వులు, అమైనో ఆమ్లాలు ప్రతి మొక్కకూ బతకడానికి అవసరం. వాటి తయారీ దారులు వరిలోనైనా వేపలోనైనా ఒకటే. వాటి నుంచి చీలిపోయే పక్కదారుల్లో ఒక్కొక్క కుటుంబపు మొక్కలు ఒక్కొక్క రకం పదార్థాలు చేసుకుంటాయి: వేప చేదు, మిరప కారం, పసుపు రంగు, మల్లె వాసన అన్నీ అటువంటివే. కదలలేని ప్రాణికి పురుగును తరమడానికీ, బూజును ఆపడానికీ, తుమ్మెదను పిలవడానికీ రసాయనాలే సాధనాలు. మనకు మందులుగా పనికివచ్చేవి ఎక్కువగా ఈ పక్కదారి పదార్థాలే, అవి మందులుగా పనిచేయడానికి కారణం కూడా అదే: పురుగు నరాన్నో, బూజు కణాన్నో, ఆకుమేసే జంతువు గుండెనో తాకేలా అవి తయారయ్యాయి, మన నరాలూ కణాలూ గుండే వాటికంత భిన్నమైనవి కావు.

తనకే హాని చేయగల పదార్థాన్ని మొక్క తన ఒంట్లో ఎలా దాచుకుంటుందన్నది మరో చిక్కు. ఆవగింజను అలాగే నోట్లో వేసుకుంటే పెద్దగా ఘాటు ఉండదు. ఆవకాయ కోసం పిండి కొట్టి, దానికి తడి తగిలినప్పుడే ముక్కు అదిరే ఘాటు వస్తుంది. గింజలో సినిగ్రిన్ అనే చక్కెర కట్టిన పదార్థం ఒకచోట, దాన్ని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైము వేరొకచోట ఉంటాయి. నలిగి తడిసినప్పుడు రెండూ కలిసి ఘాటైన నూనె పుడుతుంది. ఆవాలను ముందే బాగా వేయిస్తే ఎంజైము చచ్చిపోయి ఆ ఘాటు రాదు. వెల్లుల్లిదీ అదే పద్ధతి. ఔషధ తయారీలో దంచాలా, ఉడకబెట్టాలా, నీడలో ఆరబెట్టాలా అన్న పాత నియమాల వెనుక ఇటువంటి రసాయన చర్య ఉన్న సందర్భాలు చాలా ఉన్నాయి. చైనాలో టూ యూయూ బృందం మలేరియా మందు కోసం వెతికేటప్పుడు, మాచిపత్రి జాతికి చెందిన మొక్కను మరిగించిన సారం సరిగా పనిచేయలేదు. మరిగించమనకుండా నీటిలో నానబెట్టి పిండమన్న నాలుగో శతాబ్దపు గ్రంథపు మాట చూసి, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీస్తే 1970ల తొలినాళ్ళలో ఆర్టెమిసినిన్ దొరికింది. అందుకు ఆమెకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రతి ఆకునూ కషాయం కాచేస్తే సరిపోతుందనుకునేవారు ఈ ఉదాహరణను గుర్తుపెట్టుకోవడం మంచిది.

బిళ్ళగన్నేరు ఈ దాపరికాన్ని ఇంకా దూరం తీసుకుపోయింది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి వచ్చిన ఒక ముక్క, సువాసన నూనెల దారి నుంచి వచ్చిన సెకోలోగానిన్ అనే మరో ముక్క అతుక్కుని స్ట్రిక్టోసిడిన్ అనే అణువు తయారవుతుంది. వేలాది ఆల్కలాయిడ్లకు ఇదే తల్లి. సింకోనా బెరడులో ఇది క్వినైన్‌గా, సర్పగంధ వేరులో బీపీని తగ్గించే రెసెర్పిన్‌గా, ముషిణి గింజలో ప్రాణం తీసే స్ట్రిక్నిన్‌గా రూపం మారుతుంది. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రోజుల్లో ఆ జ్వరానికి ఉన్న మందు క్వినైన్. బిళ్ళగన్నేరుతో దానికి ఇంత దగ్గర చుట్టరికం ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. బిళ్ళగన్నేరులో స్ట్రిక్టోసిడిన్ నుంచి రెండు శాఖలు బయలుదేరి, ఒకటి కాథరాంథిన్ దగ్గర, రెండోది విండోలిన్ దగ్గర ముగుస్తాయి. కాథరాంథిన్ ఆకు పైపొర కణాల్లో తయారై ఆకు మీది మైనపు పూతలోకి చేరుతుంది. విండోలిన్ ఆకు లోపలి ప్రత్యేక కణాల్లో పోగుపడుతుంది. ఈ రెండూ కలిసినప్పుడు గాని విన్‌బ్లాస్టిన్ పుట్టదు, అవి ఒకే ఆకులో ఉన్నా ఒకే చోట లేవు. అందుకే విడివిడిగా రెండూ కావలసినంత దొరికే ఆకులో వాటి జంట మాత్రం ఆనవాలుగానే దొరుకుతుంది. పరిశ్రమలు ఈ సంగతిని వాడుకుని, రెండింటినీ ఆకు నుంచి వేరుగా తీసి ప్రయోగశాలలో కలుపుతాయి. 2022లో డెన్మార్క్ శాస్త్రవేత్తల నాయకత్వంలోని బృందం ముప్పైకి పైగా ఉన్న ఈ మెట్లన్నిటినీ ఈస్టు కణంలోకి ఎక్కించి, ఆకు లేకుండానే రెండు భాగాలనూ తయారుచేయించి, వాటిని రసాయనికంగా కలిపి విన్‌బ్లాస్టిన్ సాధించింది.

ఈ కథలో హైదరాబాదుకు తన వంతు ఉంది. నిజాం కాలంలో 1944లో మొదలైన పరిశోధనశాల, తర్వాత కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి కిందికి వచ్చి, నేడు తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా, అందరి నోటా ఐఐసీటీగా నిలిచింది. గుంటూరులో పుట్టి ఆ సంస్థకు 1985 నుంచి 1995 దాకా సంచాలకులుగా ఉన్న ఎ.వి. రామారావు అంతకుముందు పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో ఉన్నప్పుడు బిళ్ళగన్నేరు మందులను దేశంలోనే తయారుచేసే పద్ధతి మీద పనిచేశారు. హైదరాబాదు వచ్చాక ఎటోపోసైడ్ అనే మరో క్యాన్సర్ మందు వంతు వచ్చింది. ఐఐసీటీ సహకారంతో సిప్లా 1991లో దాన్ని విడుదల చేసింది. ఈ మందు వెనుక ఉన్న రసాయనం కొలతకంటే మరో మెట్టు పైది. హిమాలయాల్లో పెరిగే ఒక పొట్టి మొక్క వేరులో పొడోఫైలోటాక్సిన్ ఉంటుంది. అది కూడా ట్యూబ్యులిన్‌నే పట్టుకుంటుంది, లోపలికి తీసుకునే మందుగా వాడలేనంత విషం. దాని అణువులో ఒక మిథైల్ గుంపును తీసేసి, ఒక కర్బనం దగ్గర దిశను తిప్పి, అక్కడ మార్పుచేసిన గ్లూకోజ్‌ను తగిలిస్తే వచ్చే ఎటోపోసైడ్ ట్యూబ్యులిన్‌ను వదిలేసి, డీఎన్‌ఏ మెలికలు విప్పే టోపోఐసోమరేజ్ అనే ఎంజైమును పట్టుకుంటుంది. అంటే మొక్క ఇచ్చిన అస్థిపంజరం అదే, తాకే గురి పూర్తిగా వేరు. ఇటువంటి మందును మొక్కల మందు అనాలా, కృత్రిమ మందు అనాలా అన్న ప్రశ్నకు అర్థం లేదు. షుగరుకు ఆకులు నమిలేవారిలో చాలామంది వాటితో పాటు మింగే మెట్‌ఫార్మిన్ బిళ్ళ సంగతీ అంతే: యూరపులో గలేగా అనే పశుగ్రాసపు మొక్కలో ఉన్న గలేజిన్ చక్కెరను తగ్గిస్తుందని, కాని విషమని తెలిశాక, దాని బంధువుల్లో సురక్షితమైనదాని కోసం సాగిన వెతుకులాట చివరకు చేరింది అక్కడికే. ఆ అణువును మొదట తయారుచేసింది 1922లో, రోగులకు ఇచ్చి నిరూపించింది 1957లో.

నగరంలో మొక్కల వైద్యానికి రెండో చిరునామా యునానీ. చార్మినార్ పక్కన నిజాం కట్టించిన ఆసుపత్రిలో ఇప్పటికీ హకీములు నాడి చూస్తారు. ఎర్రగడ్డలోని జాతీయ యునానీ చర్మవ్యాధుల పరిశోధన సంస్థకు బొల్లి చికిత్స కోసం దూరప్రాంతాల నుంచి కూడా రోగులు వస్తారు. బొల్లికి ఆయుర్వేదంలోనూ యునానీలోనూ ముఖ్యమైన మందు బావంచాలు, బేగంబజారు మూలికల దుకాణాల్లో కిలోల లెక్కన దొరికే నల్లని చిన్న గింజలు. పాత వైద్యం ఎక్కడ సరిగ్గా గురిచూసిందో, ఎక్కడ కొలత లేక దారి తప్పుతుందో చూడాలంటే ఈ గింజను మించిన ఉదాహరణ లేదు.

బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంది. బల్లపరుపుగా ఉండే ఈ అణువు డీఎన్‌ఏ నిచ్చెన మెట్ల మధ్యకు జారిపోయి కూర్చుంటుంది. చీకట్లో దానివల్ల పెద్దగా ఏమీ జరగదు. అతినీలలోహిత కాంతిలో యూవీ-ఎ అనే తరగతి కిరణాలు, అంటే 320 నుంచి 400 నానోమీటర్ల మధ్యవి, తగిలితే మాత్రం అది థైమిన్‌తో గట్టిగా కట్టుబడి, కొన్నిచోట్ల నిచ్చెన రెండు పక్కలనూ కలిపి కుట్టేస్తుంది. మందు పూసుకుని ఎండలో కూర్చోమన్న పాత వైద్యుల మాటలో ఎండ అనుబంధం కాదు, సగం మందు అదే. ఈజిప్టులో ఇదే కుటుంబపు పదార్థం ఉన్న మరో మొక్కను నైలు తీరంలో బొల్లికి వాడేవారు. 1940ల్లో అక్కడి శాస్త్రవేత్తలు దాని నుంచి మిథాక్సీసోరలెన్‌ను వేరుచేశారు, 1970ల్లో కొలిచిన కాంతితో కలిపి ఇచ్చే చికిత్స ఆధునిక ఆసుపత్రుల్లోకి వచ్చింది. బొల్లి మచ్చలో రంగు తిరిగి వచ్చేటప్పుడు వెంట్రుకల కుదుళ్ళ చుట్టూ చుక్కలు చుక్కలుగా మొదలవుతుంది, ఎందుకంటే రంగునిచ్చే కణాలకు అక్కడ నిల్వ ఉంటుంది. వెంట్రుకలు లేని వేలికొసలూ పెదవులూ ఎంత చికిత్సకైనా మొండికేయడానికి కారణం ఇదే.

ఇంట్లో బావంచాలు నూరి పూసుకుని హైదరాబాదు ఏప్రిల్ ఎండలో అరగంట కూర్చున్న మనిషి చర్మం మీద బొబ్బలు లేస్తే అది గింజ తప్పు కాదు. గింజలో సోరలెన్ ఎంత ఉందో తెలియదు, చర్మంలోకి ఎంత దిగిందో తెలియదు, ఆ రోజు ఆ వేళ ఎండలో ఎంత అతినీలలోహితం ఉందో తెలియదు. మూడు తెలియనివి కలిసినప్పుడు వచ్చేది చికిత్సా కావచ్చు, కాలినగాయమూ కావచ్చు. ఆసుపత్రిలో ఈ మూడింటినీ పట్టి ఉంచి, కాంతిని మెల్లగా పెంచుకుంటూ పోతారు. ఆ జాగ్రత్తతో కూడా, ఏళ్ళ తరబడి సాగే సోరలెన్ చికిత్సలో చర్మక్యాన్సర్ ముప్పు పెరుగుతుందని తేలింది. అందుకే చాలాచోట్ల సోరలెన్ అవసరంలేని యూవీ-బి తరగతి కిరణాల చికిత్స దాని స్థానాన్ని తీసుకుంది. ఇదే గింజలో ఉన్న బకుచియోల్ అనే వేరే పదార్థాన్ని శుద్ధిచేసి ముఖానికి పూసుకునే సీరములుగా ఇప్పుడు అమ్ముతున్నారు. అందులో బావంచాల పేరు చూసి, గింజల పొడితో అదే ఫలితం వస్తుందనుకుని ఇంట్లో ఫేస్‌ప్యాక్ వేసుకునేవారు సోరలెన్‌ను కూడా ముఖానికి పట్టిస్తున్నారని గ్రహించాలి.

సోరలెన్ దాయాదులు మరోచోట, కాంతితో సంబంధం లేకుండానే పనిచేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ రసంలోని ఫ్యురానోకౌమరిన్లు పేగు గోడలో మందులను విరిచే సీవైపీ3ఏ4 అనే ఎంజైమును శాశ్వతంగా చెడగొడతాయి. పేగు కొత్త ఎంజైమును తయారుచేసుకునేదాకా, ఒకటి నుంచి మూడు రోజులపాటు, కొన్ని మందులు మామూలు కంటే చాలా ఎక్కువగా రక్తంలోకి చేరతాయి. కెనడాలో ఒక బీపీ మందుతో పాటు మద్యం ప్రభావాన్ని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా ఈ రసం కలిపినప్పుడు 1989లో ఇది యాదృచ్ఛికంగా బయటపడింది. మన పంపరపనస దానికి జన్మనిచ్చిన జాతి, అందులోనూ ఈ పదార్థాలున్నాయి. మూత్రపిండ మార్పిడి చేయించుకుని, అటువంటి మందుల్లో ఒకటైన టాక్రోలిమస్ వాడే మనిషికి ఇది వంటింటి విషయం కాదు.

పసుపు గురించి ఎంత రాసినా తక్కువేనని అందరూ అనుకుంటారు. కొలత లెక్కన చూస్తే తక్కువ రాయడమే న్యాయం. నిజామాబాదు మార్కెట్టుకు వచ్చే పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళ దాకా ఉంటుంది. గాజు పరీక్షనాళికలో అది దాదాపు ప్రతి ప్రొటీనుతోనూ ఏదో ఒక చర్య చూపిస్తుంది, అందుకే ఆ ఫలితాలను జాగ్రత్తగా చూడాలని ఔషధ రసాయనవేత్తలు 2017లో విపులంగా హెచ్చరించారు. మింగినప్పుడు రక్తంలోకి చేరేది అత్యల్పం, చేరినదాన్ని కాలేయం వెంటనే మార్చేస్తుంది. మిరియాల్లోని పైపరిన్‌ను కలిపితే రక్తంలో కర్క్యుమిన్ చాలా రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. ఆ పైపరిన్ మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందులనూ అలాగే పెంచుతుందన్న సంగతి పసుపు–మిరియం గొట్టం మాత్రలు అమ్మే ప్రకటనల్లో కనిపించదు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద అమెరికా 1995లో ఇచ్చిన పేటెంటును మనదేశం సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఆ విజయం ఆ వాడకం పాతదని రుజువు చేసింది, అది ఎంతమేరకు పనిచేస్తుందన్న ప్రశ్న అక్కడ విచారణకే రాలేదు. అయినా పసుపు గెలుపును ఔషధపు గెలుపుగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది.

తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయంలో మరింత నిదానంగా పనిచేసింది. పొగతాగేవారికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు నెలరోజులు ఇస్తే వారి మూత్రంలో జన్యుమార్పులు కలిగించే పదార్థాలు తగ్గాయని అక్కడి శాస్త్రవేత్తలు 1992లో ప్రకటించారు. క్యాన్సర్ తగ్గుతుందని మాత్రం అనలేదు. మధుమేహానికి మెంతులను అదే సంస్థ రోజుకు ఇన్ని గ్రాములని తూచి, రోగులకు ఇచ్చి, రక్తపరీక్షలతో పోల్చి చూసింది. మెంతిలోని జిగురు పీచు పేగులో చిక్కని పొరలా ఏర్పడి చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుందని, 25 గ్రాముల వంటి ఆహారపు మోతాదులోనే ఈ ఫలితం కనిపిస్తుందని తేలింది. బిళ్ళగన్నేరు ఆకు, మెంతిగింజ రెండూ ఇంటివైద్యాలే. ఒకదానికి ఈ పని జరిగింది.

కొలత లేనిచోట వెంటనే హాని కనిపిస్తే కనీసం మనిషి ఆగుతాడు. కొన్ని మొక్కలు ఆ అవకాశం కూడా ఇవ్వవు. తెలుగు పల్లెల్లో కడుపులో పురుగులకూ పుండ్లకూ వాడే గాడిదగడపాకులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. మూత్రపిండంలో అది మార్పుచెంది డీఎన్‌ఏకు అతుక్కుని ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. ఆ అతుకు ఉన్నచోట జన్యు అక్షరం ఒక నిర్దిష్టమైన తీరులో తప్పుగా రాయబడుతుంది కాబట్టి, దశాబ్దాల తర్వాత వచ్చిన కణితిలో కూడా ఈ పదార్థపు వేలిముద్రను గుర్తుపట్టవచ్చు. 1990ల తొలినాళ్ళలో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే చికిత్సలో ఒక చైనా మూలికకు బదులు పొరపాటున ఈ జాతి మొక్క కలిసింది. వందమందికి పైగా మూత్రపిండాలు పాడయ్యాయి. పనిచేయని మూత్రపిండాలను ముందుజాగ్రత్తగా తీయించుకున్న 39 మందిలో 18 మందికి మూత్రనాళ క్యాన్సర్ కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. దీనికి సురక్షితమైన మోతాదు వెతకడం కూడా వృథా. తరతరాలుగా వాడుతున్నాం, ఏమీ కాలేదు అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. వాడిన పదేళ్ళకు మూత్రపిండం పాడైతే ఆ ఆకునూ ఆ జబ్బునూ కలిపి చూసే అవకాశం ఏ తాతకూ లేకపోయింది.

బ్రస్సెల్స్‌లో జరిగినది మూలిక మారిపోవడం. మనకు అది కొత్త కాదు. హైదరాబాదు అపార్టుమెంట్ల ముందు వరుసగా నిటారుగా పెంచే నరమామిడిని అందరూ అశోక చెట్టనే పిలుస్తారు. స్త్రీల వ్యాధులకు చెప్పిన అసలు అశోక బెరడు బదులు దీని బెరడు సరఫరా కావడం మూలికల వ్యాపారంలో బాగా తెలిసిన సంగతి. కోవిడ్ కాలంలో తిప్పతీగ విషయంలోనూ ఈ ప్రశ్న వచ్చింది. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను 2021లో ముంబై వైద్యులు ప్రచురించినప్పుడు, వాడినది అసలు తిప్పతీగేనా, కాండం మీద బుడిపెలు ఉండే దాని సోదర జాతా అని ఆయుష్ మంత్రిత్వశాఖ అడిగింది. ఆ తర్వాత హైదరాబాదులోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులు ముందుండి నడిపిన, 13 కేంద్రాల అధ్యయనం అటువంటి 43 మంది రోగులను గురించి చెప్పింది. ఆత్మరక్షణ వ్యవస్థ తన కాలేయం మీదే తిరగబడే స్వభావం లోపల దాగి ఉన్నవారిలో తిప్పతీగ దాన్ని రెచ్చగొడుతోందన్నది వారి వాదన. రోగనిరోధక శక్తిని పెంచుతుందన్న పేరు నిజమైతే, ఆ శక్తి అవసరం లేనిచోట కూడా పెరగవచ్చునన్న అనుమానం ముందే రావలసింది. మంత్రిత్వశాఖ ప్రశ్న కూడా సరైనదే. అయితే ఏ తీగో తేల్చిచెప్పలేని సరుకు ఇంటింటికీ చేరిందన్నది ఆ ప్రశ్నలోనే ఉన్న ఒప్పుకోలు.

చట్టం ఈ తేడాను కొంతవరకు గుర్తించింది. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కింద, ప్రామాణిక గ్రంథాల్లో ఉన్న ఆయుర్వేద, యునానీ యోగాలను ఆ గ్రంథపు పద్ధతిలో తయారుచేస్తే, కొత్త మందుకు కావలసినట్టు రోగుల మీద పరీక్షలు అడగరు. 2015 నవంబరులో కేంద్రం ఫైటోఫార్మాస్యూటికల్ అనే కొత్త తరగతిని చేర్చింది. ఒక మొక్క నుంచి శుద్ధిచేసిన భాగాన్ని ఈ పేరుతో అమ్మాలంటే, అందులోని కనీసం నాలుగు పదార్థాలను గుర్తించి ఎంతెంత ఉన్నాయో కొలిచి చూపాలి, విషపరీక్షలు, రోగుల మీద పరీక్షలు చేయాలి. ఒక్క అణువును వేరుచేయాల్సిన పనిలేదు, ఏమి ఉందో తెలియని చూర్ణమూ ఒప్పుకోరు. రెండు పాత దారుల మధ్య ఇది నిజమైన మూడో దారి. మనదగ్గర కంచెల మీద పాకే దూసరతీగ సారాన్ని ఈ తరగతి కింద 2020లో కోవిడ్ రోగుల మీద పరీక్షించడం మొదలుపెట్టారు. దరఖాస్తులో మొక్క శాస్త్రీయ గుర్తింపు, వాడిన భాగం, పెరిగిన ప్రాంతం, కోసిన రుతువు, అందులో పురుగుమందుల, భారలోహాల అవశేషాలు కూడా రాయాలి. పూతకు ముందు కోసిన ఆకుకూ, పూత ముగిశాక కోసిన ఆకుకూ లోపలి పదార్థం మారిపోతుంది కాబట్టే ఈ నిబంధన.

ఇంటి పెరటి ఆకుకు ఇవేవీ వర్తించవు, వర్తింపజేయడమూ కుదరదు. అక్కడ చేయగలిగినది ఆసుపత్రి వైపు నుంచే ఉంది. మత్తు ఇచ్చే ముందు, కీమో మొదలుపెట్టే ముందు, అవయవ మార్పిడి మందుల మోతాదు సరిచేసే ముందు మీరు ఏ మందులు వాడుతున్నారని అడిగితే పసర్లు, కషాయాలు, చూర్ణాల సంగతి రోగి చెప్పడు, ఎందుకంటే అతని లెక్కలో అవి మందులు కావు. వాటిని పేరుపేరునా విడిగా అడిగి, ఏ ఆకు, ఎంత, ఎన్నాళ్ళ నుంచి అని కేసుషీటులో రాసుకోవాలి.